నైజీరియాలో థియేటర్లు పెద్దగా లేకపోయినా అక్కడి సినీ పరిశ్రమ నాలీవుడ్ ఎలా ఎదిగింది?

నిజానికి థియేటర్లు మూతపడటమే దానికి దారి తీసింది. 1980ల్లో అక్కడి కరెన్సీ నైరా విలువ పడిపోయి, ఫిల్మ్ రీలు మీద సినిమా తీయడం తలకు మించిన ఖర్చయింది. అక్కడి పెద్ద నగరం లాగోస్‌లో రాత్రిపూట బయటికి వెళ్లాలంటే జనానికి భయం. కానీ చాలా ఇళ్లలో వీడియో క్యాసెట్లు వేసుకుని చూసే వీసీఆర్ ఉండేది. 1992లో కెన్నెత్ న్నెబూ అనే వ్యాపారి ఇగ్బో భాషలో ‘లివింగ్ ఇన్ బాండేజ్’ తీయించి, నేరుగా క్యాసెట్లుగా అమ్మారు. అవి విపరీతంగా అమ్ముడుపోయాయి. ఇక ఇడుమోటా, అలాబా, ఒనిట్షా బజార్లలోని క్యాసెట్ వ్యాపారులే నిర్మాతలయ్యారు, పంపిణీదారులూ అయ్యారు. మామూలు వీడియో కెమెరా, కొద్ది రోజుల షూటింగ్, అంతే. యునెస్కో లెక్క ప్రకారం 2006లో నైజీరియా 872 సినిమాలు తీసింది. సంఖ్యలో మన దేశం తర్వాత స్థానం దానిదే!

క్యాసెట్లు పోయి వీసీడీలు వచ్చాయి, వాటిని పైరసీ దెబ్బతీసింది. తర్వాత ఐరోకోటీవీ లాంటి సంస్థలు సినిమాలను ఇంటర్నెట్‌లో చూపించే బాట పట్టాయి. ఇప్పుడు చాలామంది నటీనటులు సొంత యూట్యూబ్ ఛానళ్లలోనే పూర్తి సినిమాలు విడుదల చేస్తున్నారు. నాకు ఇందులో బాగా నచ్చేది ఒకటుంది: ఎవరి అనుమతి కోసమూ ఆగకుండా, తమ ఇళ్లలోని గొడవలు, నమ్మకాలు, ఆశలే కథలుగా చెప్పుకున్నారు.