ఏ తీరం, ఏ నెల? ఆస్ట్రేలియాపై పాఠకుల ప్రశ్నలు

ఆస్ట్రేలియా సముద్రం, నేల, రోజువారీ సంగతుల గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈసారి జవాబులిస్తున్నాం. చాలా ప్రశ్నల్లో ఊరు పేరు లేదు, నెల పేరు అసలే లేదు. ఆ రెండూ తెలియకుండా ఆ దేశం గురించి ఏం చెప్పినా సగం తప్పే అవుతుంది. అందుకని అవసరమైన చోట వాటిని మేమే చేర్చాం.

ప్రశ్న: ఆస్ట్రేలియా ఖండమా, ద్వీపమా? ప్రపంచంలో పెద్ద ద్వీపం గ్రీన్‌లాండ్ అని పిల్లల పుస్తకంలో ఉంది. మరి ఇది అంతకంటే పెద్దది కదా?

చుట్టూ నీళ్ళున్నాయి కాబట్టి ద్వీపం అన్నా ఎవరూ కాదనలేరు. అయితే ద్వీపం ఎక్కడ ఆగి ఖండం ఎక్కడ మొదలవుతుందో చెప్పే కొలత ప్రకృతిలో లేదు. అది మనుషులు వాడుకలో గీసుకున్న గీత. గ్రీన్‌లాండ్ సుమారు 21.7 లక్షల చదరపు కిలోమీటర్లు, ఆస్ట్రేలియా సుమారు 76.9 లక్షలు. ఈ రెంటికీ మధ్య పరిమాణంలో ఇంకో ద్వీపం లేదు కాబట్టి గీత అక్కడ పడింది.

భూగర్భశాస్త్రం వైపు నుంచి కూడా తేడా ఉంది. భూమి పైపొర ఫలకాలనే పెద్ద పెద్ద పలకలుగా ఉంటుంది, గ్రీన్‌లాండ్ ఉత్తర అమెరికా ఫలకం మీద కూర్చుంది. ఆస్ట్రేలియా, టాస్మేనియా, న్యూగినీ మాత్రం ఒకే నేలకు చెందిన ముక్కలు. గత మంచుయుగంలో సముద్రమట్టం సుమారు 120 మీటర్లు కిందకు దిగినప్పుడు ఆ మూడింటి మధ్యా నడిచి వెళ్ళగలిగే నేల ఉండేది. టాస్మేనియాను విడదీసే బాస్ జలసంధి సగటు లోతు ఇప్పటికీ 60 మీటర్ల దగ్గరే.

ఆస్ట్రేలియా కూర్చున్న ఫలకం ఏడాదికి సుమారు 7 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యంగా జరుగుతోంది. తక్కువే అనిపిస్తుంది కానీ 1994లో స్థిరపరిచిన సర్వే అక్షాంశ రేఖాంశాలు 2020 నాటికి నేల మీది అసలు చోటుకు 1.8 మీటర్లు తేడా వచ్చాయి. కారు ఏ వరసలో వెళ్తోందో ఉపగ్రహం చెప్పే రోజుల్లో అది చిన్న తేడా కాదు. అందుకే దేశం మొత్తానికీ జీడీఏ2020 అనే కొత్త కొలమానం తెచ్చారు.

ప్రశ్న: డిసెంబరులో కెయిన్స్ వెళ్తున్నాం. అక్కడి జెల్లీఫిష్ కుడితే ప్రాణం పోతుందంటున్నారు. వెనిగర్ పోస్తే చాలా?

డిసెంబరు, కెయిన్స్ అంటున్నారు కాబట్టి భయపడాల్సిన చోటే, భయపడాల్సిన నెలే. ఉత్తర క్వీన్స్‌లాండ్ తీరంలో నవంబరు నుంచి మే దాకా వీటి కాలం. ముఖ్యంగా రెండు రకాలు.

మొదటిది బాక్స్ జెల్లీఫిష్. గంట ఆకారంలో ఉంటుంది, దాని నుంచి 60 దాకా తంతువులు వేలాడతాయి. ఒక్కోటి 3 మీటర్ల దాకా సాగుతుంది. నదీముఖాల దగ్గర, ఇసుక ఒడ్డున, లోతులేని నీళ్ళలో తిరుగుతుంది. ఎక్కువ మేర చర్మానికి చుట్టుకుంటే నిమిషాల్లో గుండె ఆగిపోవచ్చు. రెండోది ఇరుకాంజి. దాని గంటలాంటి ఒళ్ళు ఒకటి రెండు సెంటీమీటర్లే, నీళ్ళలో కనబడదు. కుట్టినప్పుడు చిన్న చురుకు. అసలు బాధ సాధారణంగా అరగంటకు మొదలవుతుంది: నడుము నొప్పి, కండరాలు పట్టేయడం, వాంతులు, చెమటలు, పెరిగిపోయే రక్తపోటు. ‘ఏం కాలేదులే’ అని గదికి వెళ్ళి పడుకున్నవాళ్ళకే ఇబ్బంది ఎక్కువ.

చేయాల్సింది ఈ వరసలో: మనిషిని నీళ్ళలోంచి బయటికి తేవాలి. అక్కడి అత్యవసర నంబరు 000కి ఫోన్ చేయాలి. కుట్టినచోట వెనిగర్‌ను కనీసం 30 సెకన్లు ధారగా పోయాలి. ఆ తర్వాతే తంతువులు తీయాలి. స్పృహ లేక ఊపిరి ఆడకపోతే వెంటనే సీపీఆర్ మొదలుపెట్టి సాయం వచ్చేదాకా ఆపకూడదు. రుద్దకూడదు, మంచినీళ్ళు పోయకూడదు.

వెనిగర్ మందు కాదు, నొప్పి తగ్గించదు. తంతువుల మీద వేల సంఖ్యలో ఉండే విషపు గుళికల్లో ఇంకా పేలనివాటిని అది పేలకుండా ఆపుతుంది, అంతే. మంచినీళ్ళు, రాపిడి వాటిని పేలుస్తాయి. అందుకే ఆ తీరంలో చాలా బీచ్‌ల దగ్గర వెనిగర్ సీసాలు పెట్టిన స్తంభాలు కనిపిస్తాయి.

బీచ్‌లో కట్టిన వల లోపల ఈదితే పెద్ద బాక్స్ జెల్లీఫిష్ రాదు. ఇరుకాంజి మాత్రం వల కన్నాల్లోంచి దూరిపోతుంది. కాబట్టి వల ఉన్నా లైక్రా సూట్ వేసుకోండి. మణికట్టు, చీలమండల దాకా కప్పేది కావాలి. దీవులకూ పగడపు దిబ్బలకూ వెళ్ళేవాళ్ళు కూడా వేసుకోవాలి. ఇరుకాంజి అక్కడా ఉంటుంది.

ఇదే కుటుంబం సిడ్నీ వెళ్తే జవాబు తిరగబడుతుంది. అక్కడ ఒడ్డుకు కొట్టుకొచ్చేది బ్లూబాటిల్, నీలి బుడగలా ఉంటుంది. దానికి వెనిగర్ వాడొద్దని చెబుతారు. సముద్రపు నీళ్ళతో కడిగి, తంతువులు ఏరేసి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో, అంటే 45 డిగ్రీలు మించకుండా, 20 నిమిషాలు ఉంచాలి. వేడినీళ్ళు దొరక్కపోతే ఐస్. ఒకచోట నేర్చుకున్న వైద్యాన్ని ఇంకోచోట చేయడమే ఎక్కువగా జరిగే పొరపాటు.

ప్రశ్న: మాకు ఈత బాగా వచ్చు. జెండాల మధ్యే ఈదాలన్న నియమం మాక్కూడానా?

మీకే ముఖ్యంగా. ఎరుపు, పసుపు రంగుల జెండాలు ఆ రోజు నీటిని చూసి లైఫ్‌సేవర్లు పాతినవి. నీళ్ళు మారితే జెండాలూ జరుగుతాయి. బయట ప్రమాదం అలల వల్ల కాదు, రిప్ కరెంట్ వల్ల. అలలు ఒడ్డుకు తెచ్చిన నీళ్ళు తిరిగి లోపలికి పోవడానికి చేసుకునే దారి అది. విచిత్రమేమిటంటే ఒడ్డు మీంచి చూస్తే ఆ చోటే ప్రశాంతంగా కనిపిస్తుంది: నురగ తక్కువ, నీటి రంగు ముదురు, రెండు వైపులా తెల్లటి అలలు. కొత్తవాళ్ళు ‘ఇక్కడ అలల్లేవు’ అని సరిగ్గా అందులోకే దిగుతారు.

చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి. మంచి ఈతగాళ్ళు అలసిపోయేది అక్కడే. వెల్లకిలా తేలుతూ ఒక చెయ్యి పైకెత్తి ఊపండి. శక్తి ఉంటే ఒడ్డుకు సమాంతరంగా, నురగ కనిపించే వైపుకు ఈదండి. అలలు విరిగేచోట లోతు తక్కువ, అవే ఒడ్డుకు నెడతాయి. జెండాలే లేని బీచ్‌లో దిగకపోవడం మేలు.

ప్రశ్న: గ్రేట్ బారియర్ రీఫ్ తెల్లబడి చచ్చిపోయిందని చదివాం. ఇక చూడ్డానికేం మిగల్లేదా?

అది ఒక్క దిబ్బ కాదు. క్వీన్స్‌లాండ్ తీరం పొడవునా 2,300 కిలోమీటర్ల మేర పరుచుకున్న దాదాపు 3,000 దిబ్బల వరస. ఒక ఏడాది ఉత్తరాన దెబ్బతింటే దక్షిణాన బాగుండవచ్చు. కాబట్టి ‘రీఫ్ పోయింది’, ‘రీఫ్ బాగుంది’ అన్న మాటలు రెండూ నమ్మదగినవి కావు.

తెల్లబడటం వేరు, చావడం వేరు. పగడపు జీవి కణాల్లో కంటికి కనిపించని నాచు కాపురముంటుంది. అది ఎండతో ఆహారం తయారుచేసి ఇంటి యజమానికి పెడుతుంది. రంగు కూడా ఎక్కువగా దానిదే. వేసవిలో మామూలుగా ఉండే గరిష్ఠ ఉష్ణోగ్రతకు ఒక డిగ్రీ ఎక్కువై నాలుగు వారాలు అలాగే ఉంటే ఈ ఏర్పాటు చెడుతుంది, పగడం నాచును వెళ్ళగొడుతుంది. పారదర్శకమైన ఒంటిలోంచి కింది సున్నపు ఎముక తెల్లగా కనిపిస్తుంది. అప్పటికి అది బతికే ఉంది, కాకపోతే పస్తులుంది. త్వరగా చల్లబడితే నాచు తిరిగొస్తుంది. వేడి ఎనిమిది వారాలు నిలిచేసరికి చావులు పెరుగుతాయి.

నీళ్ళలో దిగినప్పుడు గుర్తుపట్టడం ఇలా: మెరిసే తెలుపైతే ప్రాణముంది. మీద గోధుమ, పచ్చ రంగు నాచు నూగులా పట్టి ఉంటే చచ్చిపోయింది. భారీగా తెల్లబడిన సంవత్సరాలు 1998, 2002, 2016, 2017, 2020, 2022, 2024, 2025. వరస చూడండి. కోలుకోవడానికి ఏళ్ళు పట్టే జీవికి మధ్యలో దొరికే విరామం తగ్గిపోతోంది. అసలు ఆందోళన అదే.

దీనికి తోడు ముళ్ళ కిరీటం లాంటి నక్షత్ర చేప ఒకటి పగడాలను తింటుంది. దాన్ని ముక్కలుగా కోయడం పని చేయదు, ముక్కల నుంచి మళ్ళీ పెరగగలదు. డైవర్లు పిత్త లవణాలో, వెనిగరో ఒక్కసారి సూది పొడిచి చంపుతారు. పాత మందుకు ఒక్కోదానికి చాలా పోట్లు వేయాల్సి వచ్చేది.

ప్రశ్న: పగడాలు చూడాలంటే తూర్పు తీరానికే వెళ్ళాలా? మా అబ్బాయి పెర్త్‌లో ఉంటాడు.

మాటవరసకు అందరూ కెయిన్స్ అంటారు గానీ, పెర్త్‌కు ఉత్తరాన పడమటి తీరంలో ఉన్న నింగలూ పగడపు దిబ్బ మా లెక్కలో తక్కువది కాదు. బారియర్ రీఫ్‌కు పడవలో గంటన్నర, రెండు గంటలు పోవాలి. నింగలూ కొన్నిచోట్ల ఒడ్డు నుంచి ఈదుకుంటూ చేరేంత దగ్గర.

అక్కడ అంత దక్షిణాన పగడాలు ఉండటానికి కారణం లీవిన్ ప్రవాహం. దక్షిణార్ధగోళంలో మిగతా ఖండాల పడమటి తీరాల్లో చన్నీటి ప్రవాహాలు ఉత్తరానికి వస్తాయి. ఇక్కడ ఇండోనేషియా వైపు నుంచి వెచ్చటి నీళ్ళు దక్షిణానికి దిగుతాయి. దాని పుణ్యాన పెర్త్‌కు కొద్ది వందల కిలోమీటర్ల దూరంలోని అబ్రోలోస్ దీవుల దాకా పగడాలు పెరిగాయి.

నెలల తేడా గమనించండి. బారియర్ రీఫ్ పగడాలు ఎక్కువగా నవంబరు పౌర్ణమి తర్వాతి కొద్ది రాత్రుల్లో గుడ్లు, వీర్యం నీళ్ళలోకి వదులుతాయి. నింగలూ పగడాలు అదే పని మార్చి, ఏప్రిల్‌లలో చేస్తాయి. ఆ సమృద్ధికి తిమింగల సొరచేపలు వస్తాయి. మార్చి మధ్య నుంచి జులై దాకా వాటి పక్కన ఈదవచ్చు. నియమాలు కచ్చితం: ఒకసారి నీళ్ళలో పదిమందే, ఒంటికి 3 మీటర్లు, తోకకు 4 మీటర్ల దూరం, ముట్టుకోకూడదు, ఫ్లాష్ వాడకూడదు. పళ్ళతో కరిచేది కాదు, నీళ్ళు వడగట్టి తింటుంది. తోక దెబ్బే జాగ్రత్త.

నింగలూలోని టర్కోయిస్ బే దగ్గర మాత్రం హెచ్చరిక. దక్షిణం చివర దిగితే ప్రవాహమే మిమ్మల్ని పగడాల మీదుగా ఉత్తరానికి తీసుకెళ్తుంది, హాయిగా ఉంటుంది. ఇసుక మూల రాకముందే ఒడ్డెక్కాలి. దాటితే దిబ్బ మధ్య సందులోంచి సముద్రంలోకి లాగేస్తుంది.

పగడాలు లేని చల్లటి దక్షిణ తీరాన్ని ఎవరూ అడగలేదు, అయినా ఒక్క మాట. దక్షిణ ఆస్ట్రేలియాలో వయాల్లా దగ్గర మే నుంచి ఆగస్టు దాకా పెద్ద కటిల్‌ఫిష్‌లు వేలల్లో జతకట్టడానికి లోతులేని నీళ్ళకు వస్తాయి. చిన్న మగవి ఆడవాటి రంగు, ఆకారం వేషం వేసి, కాపలా ఉన్న పెద్ద మగదాని ముందు నుంచే లోపలికి దూరతాయి. చలి ఎక్కువ, మందపాటి వెట్‌సూట్ లేకుండా దిగకండి.

ప్రశ్న: మ్యాపులో ఎడారి మధ్య ఎయిర్ సరస్సు నీలంగా ఉంది. పడవలు తిరుగుతాయా?

చాలా ఏళ్ళు అక్కడ ఉండేది ఉప్పు పొర. కటి తండా అన్నది దాని స్థానిక నామం. సముద్రమట్టానికి సుమారు 15 మీటర్ల దిగువన ఉంది, దేశంలో అన్నిటికంటే పల్లపు చోటు. వాన అక్కడ పడనక్కర్లేదు. వందల కిలోమీటర్ల దూరంలో క్వీన్స్‌లాండ్‌లో పడిన వాన డయమాంటినా, కూపర్ వాగుల వెంట వారాలు, నెలలు పాకుతూ వస్తుంది. దారిలోనే చాలా భాగం ఇంకిపోతుంది, ఆవిరవుతుంది. నిండినప్పుడు పెలికాన్లు గుంపులుగా దిగుతాయి. 1974 నాటిది నమోదైన అతిపెద్ద వరద. బ్రిటన్‌కు చెందిన డొనాల్డ్ క్యాంప్‌బెల్ ఆ ఉప్పు నేల మీద కారు వేగపు రికార్డు కోసం 1963లో వెళ్తే ఏళ్ళ తరబడి రాని వాన వచ్చి తరిమింది. మరుసటి ఏడాది గంటకు 648 కిలోమీటర్లు దాటాడు.

ప్రశ్న: బ్రిస్బేన్‌లోని కూతురికి, మెల్‌బోర్న్‌లోని కొడుకుకీ ఒకేసారి ఫోన్ చేస్తే ఒకరికి ఒక టైము, ఇంకొకరికి ఒకటి అంటున్నారు.

అక్టోబరు మొదటి ఆదివారం నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా మెల్‌బోర్న్, సిడ్నీ, కాన్‌బెర్రా, హోబర్ట్, అడిలైడ్ గడియారాలు గంట ముందుకు జరుగుతాయి. బ్రిస్బేన్, డార్విన్, పెర్త్ జరగవు. మన సమయం కంటే బ్రిస్బేన్ ఏడాది పొడవునా నాలుగున్నర గంటలు ముందు. మెల్‌బోర్న్ చలికాలంలో అంతే, వేసవిలో ఐదున్నర. పెర్త్ ఎప్పుడూ రెండున్నర, డార్విన్ నాలుగు, అడిలైడ్ నాలుగు లేదా ఐదు.

ప్రశ్న: అక్కడ నగదు ఇస్తే చిల్లర సెంట్లు ఇవ్వలేదు. మోసమా?

కాదు. ఒకటి, రెండు సెంట్ల నాణేలు 1992లో చెలామణీ నుంచి తీయడం మొదలుపెట్టారు. బిల్లు మొత్తాన్ని దగ్గరి ఐదు సెంట్లకు సవరిస్తారు: చివర 1, 2 ఉంటే కిందికి, 3, 4 ఉంటే పైకి ఐదుకు, 6, 7 ఉంటే కిందికి ఐదుకు, 8, 9 ఉంటే పైకి. ఒక్కో వస్తువుకు కాదు, మొత్తానికే. కార్డుతో కడితే పైసా తేడా ఉండదు.

ప్రశ్న: ఉప్పునీటి మొసలి సముద్రంలోనే ఉంటుంది కదా, డార్విన్ దగ్గర నదిలో స్నానం చేయొచ్చా?

చేయకూడదు. పేరు చూసి మోసపోకండి. అది నదుల్లో, చెరువుల్లో, వాన నీటి మడుగుల్లో కూడా తీరానికి చాలా దూరం వరకూ ఉంటుంది. వేటాడేది నీటి అంచునే కాబట్టి ఒడ్డు నుంచి కనీసం 5 మీటర్లు ఎడంగా నిలబడాలి. గుడారం నీటికి 50 మీటర్ల దూరంలో, ఆటు పోటుల గరిష్ఠ గుర్తుకు 2 మీటర్ల ఎత్తున వేయాలి. ఒకే చోట, ఒకే వేళకు రోజూ నీళ్ళు తోడుకోవడం, చేపలు కడిగిన వ్యర్థాలు అక్కడే పారేయడం ప్రాణం మీదికి తెస్తాయి. అది అలవాట్లు గమనిస్తుంది.

ప్రశ్న: పెర్త్ నుంచి కారులో అడిలైడ్ వెళ్తున్నాం. దారిలో తినడానికి పండ్లు తీసుకెళ్ళొచ్చా?

తనిఖీ కేంద్రం వచ్చేలోపు తినేయండి. పండ్ల ఈగ, చీడలు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పోకుండా తనిఖీ కేంద్రాలుంటాయి. దక్షిణ ఆస్ట్రేలియాలోకి పోయేటప్పుడు సెడూనా దగ్గర, తిరిగి పడమరకు వచ్చేటప్పుడు సరిహద్దు మీద. పశ్చిమ ఆస్ట్రేలియాలోకి తేనె కూడా రానివ్వరు. డబ్బాలో పడేస్తే ఏమీ అనరు, దాస్తే జరిమానా. ఇక ఆ దారిలో నల్లర్‌బార్ మైదానానికి ముందు 146 కిలోమీటర్లు ఒక్క మలుపు లేని రోడ్డు వస్తుంది. నిద్ర ముంచుకొచ్చేది అక్కడే. చీకటి పడ్డాక, తెల్లవారుజామున కంగారూలు రోడ్డెక్కుతాయి కాబట్టి పగలే నడపండి. మూడు, నాలుగు బోగీలు తగిలించుకున్న రోడ్ ట్రెయిన్ లారీలు 53 మీటర్ల దాకా ఉంటాయి. దాన్ని దాటాలంటే ఎదురుగా కనీసం కిలోమీటరు ఖాళీ కనబడాలి. మనిషికి రోజుకు 5 లీటర్లు, వేసవిలో 10 లీటర్ల నీళ్ళు విడిగా పెట్టుకోండి. కారు చెడిపోతే దాన్ని వదిలి నడవకండి. విమానం నుంచి వెతికేవాళ్ళకు మనిషి కంటే కారు కనబడటం సులువు.