కంప్యూటర్ తెరిచే ముందు ఓపీలో కూర్చో

బిడ్డా,

నీ మెసేజ్ చదివాను. సంతానలేమి మీద రీసెర్చ్ చేయాలంటే కంప్యూటర్ భాషల్లో ఆర్ నేర్చుకోవాలా, పైథాన్ నేర్చుకోవాలా అని అడిగావు. ఏది ముందు చేతికొస్తే అది నేర్చుకో, అవసరం పడితే రెండోది అదే వస్తుంది. నాకు బెంగ నువ్వు అడగని దాని గురించి. ఇంజనీరింగ్ చదివి మా వైద్యం వైపు వచ్చే పిల్లలు తెలివైనవాళ్లే, పని కూడా గట్టిగా చేస్తారు, కానీ వాళ్ల దృష్టిలో డేటా అంటే ఎవరో మెయిల్‌లో పంపిన ఎక్సెల్ ఫైలు. ఆ ఫైలులో ఒక్కో వరుస ఎలా పుట్టింది, పేషెంటు ఏం చెప్పింది, ఎవరు రాసుకున్నారు, రక్తం ఏ రోజు తీశారు, ఎంతమందిలోంచి ఈ కొంతమంది మిగిలారు, ఇవేవీ తెలియకుండా కట్టిన మోడల్‌ను నేను నమ్మను. నువ్వూ నమ్మకు. అందుకే పని మొదలుపెట్టే ముందు వరంగల్ సీకేఎం ప్రసూతి ఆసుపత్రిలోనో, హన్మకొండ మెటర్నిటీలోనో అనుమతి తీసుకుని, కొన్ని వారాలు ఓపీలో ఒక మూల స్టూల్ వేసుకుని కూర్చో. ల్యాప్‌టాప్ వద్దు, చిన్న నోట్‌బుక్ చాలు.

ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చిన ఆడవాళ్లను చివరిసారి నెలసరి ఎప్పుడొచ్చిందని అడిగితే ఏమంటారో విను. "పెద్దలమాస పోయిన నాలుగు దినాలకు", "సమ్మక్క జాతరకు పోయొచ్చినంక వారానికి", "మా మరిది పెండ్లి ముంగట" అంటారు. నన్నడిగితే అవి చాలా మంచి సమాధానాలు, పండుగకు తేదీ ఉంటుంది కాబట్టి లెక్క కట్టుకోవచ్చు. చిక్కంతా ఆమె తడబడినప్పుడు, వెనుక వంద మంది క్యూలో నిలబడి ఉన్నప్పుడు, "సరే పదిహేను తారీఖు రాస్తున్నా" అని రాసేసే తేదీతో. ఫైలు చేతికి రాగానే నువ్వు చేయాల్సిన మొదటి పని ఇది: ఎల్‌ఎంపీ, అంటే చివరి నెలసరి తేదీలన్నీ తీసుకుని నెలలో ఎన్నో రోజో చూసి ఒక బార్ చార్ట్ గీయి. నిజంగా గుర్తున్న తేదీలైతే నెలంతా ఇంచుమించు సమంగా పరుచుకుంటాయి. 1, 5, 10, 15, 20 దగ్గర బార్లు పైకి లేచాయంటే అక్కడ ఉన్నది అంచనా. కొత్తగా డేటా సేకరించేటప్పుడు మూడు గడులు పెట్టించు: ఆమె అన్న మాట ఉన్నది ఉన్నట్టు, దాన్నిబట్టి మనం కట్టిన తేదీ, ఆమెకు ఎంత ఖాయంగా గుర్తుందో.

ఇంత చిన్న విషయానికి ఇంత గొడవా అనుకోకు. నెలసరి, అండం విడుదల సరిగా జరగని హార్మోన్ల సమస్య పీసీఓఎస్ మీద పని చేస్తానన్నావు కదా, లెక్క నువ్వే వేసి చూడు. ఎల్‌ఎంపీతో గర్భం వయసు కట్టే పద్ధతి నెలసరి 28 రోజులకు వస్తుందని, పద్నాలుగో రోజు దగ్గర అండం విడుదలవుతుందని అనుకుంటుంది. పీసీఓఎస్ ఉన్న అమ్మాయికి 45 రోజులకోసారి నెలసరి వస్తే అండం ముప్పయ్యొకటో రోజు దగ్గర విడుదలై ఉంటుంది. అంటే 17 రోజుల తేడా. కార్డులో 38 వారాలు నిండి పుట్టిందని రాసి ఉన్న బిడ్డ నిజానికి 35 వారాల 4 రోజుల బిడ్డ. 37 వారాల లోపు పుడితే నెలలు నిండలేదంటాం, కానీ నీ ఫైలులో ఈ బిడ్డ నిండు నెలల బిడ్డ. ఈ తప్పు అందరికీ సమానంగా జరిగితే కొంత సర్దుకోవచ్చు. ఇది సరిగ్గా నువ్వు చూడాలనుకుంటున్న వాళ్లకే ఎక్కువ జరుగుతుంది, పీసీఓఎస్‌కూ నెలలు నిండని కాన్పుకూ సంబంధం ఉన్నా అది కనపడకుండా పోతుంది. ఎంత పెద్ద మోడల్ అయినా దీన్ని తనంతట తాను పట్టుకోలేదు. మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగ్ ఉంటే దాన్నిబట్టి కట్టిన వయసునే వాడు, ఎవరికి ఏ పద్ధతిలో వయసు కట్టావో ఒక గడిలో రాయి.

ఆ స్కానింగ్ లెక్కలు కూడా ఎక్కడివో తెలుసుకో. మనం ఏళ్ల తరబడి వాడుతున్న హ్యాడ్‌లాక్ ఫార్ములా పాశ్చాత్య దేశాల గర్భిణుల కొలతలతో కట్టింది. గురుగ్రామ్ సివిల్ హాస్పిటల్లో గర్భిణులను మొదటి నెలల నుంచి కాన్పు దాకా అనుసరించిన గర్భ్-ఇని అధ్యయనం డేటాతో, ఐఐటీ మద్రాస్ వాళ్లూ ఫరీదాబాద్‌లోని టీహెచ్‌ఎస్‌టీఐ పరిశోధన సంస్థ వాళ్లూ కలిసి మన ఆడవాళ్ల కొలతలకు తగిన, గర్భం వయసు కట్టే మోడల్ తయారుచేశారు, 2024లో గర్భిణి-జీఏ2 పేరుతో బయటికొచ్చింది. ఈ పని నాకు చాలా ఇష్టం. వాడింది మామూలు స్కానింగ్ కొలతలే, విలువంతా ఏళ్ల తరబడి ఓపిగ్గా, తేదీ తప్పకుండా డేటా సేకరించినవాళ్లది. నువ్వు అలాంటి చోట పని నేర్చుకోగలిగితే అంతకన్నా ఏం కావాలి.

పీసీఓఎస్ అని రాసి ఉన్న గడిని కూడా ఉన్నపళంగా నమ్మకు. 2003 రాటర్‌డ్యామ్ నిర్వచనం ప్రకారం అండం సరిగా విడుదల కాకపోవడం, మగ హార్మోన్లు ఎక్కువగా ఉండటం, స్కానింగ్‌లో అండాశయాల్లో చిన్న చిన్న తిత్తులు ఎక్కువగా కనిపించడం, ఈ మూడింట్లో ఏ రెండున్నా పీసీఓఎస్ అనే అంటారు. అంటే ఒకే పేరు కింద నాలుగు రకాల వాళ్లుంటారు. 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు పెద్దవాళ్లలో స్కానింగ్ బదులు ఏఎంహెచ్ అనే హార్మోన్ రక్త పరీక్ష వాడొచ్చన్నాయి, కాబట్టి పాత కేస్ షీట్లోని పీసీఓఎస్, ఇప్పటి పీసీఓఎస్ ఒకటి కాకపోవచ్చు. పేరు ఒక్కటే కాకుండా ఆ మూడు సంగతులూ విడివిడిగా తీసుకో.

ఇక ఐవీఎఫ్, అంటే టెస్ట్‌ట్యూబ్ పద్ధతి డేటా. హన్మకొండలో ఎటు చూసినా ఫెర్టిలిటీ సెంటర్ల బోర్డులే, బోర్డు మీద శాతాలే. ఉదాహరణకు వంద జంటలు ఇంజెక్షన్లు మొదలుపెట్టారనుకో. పిండం తయారై గర్భసంచిలో పెట్టించుకునే దాకా వచ్చినవాళ్లు 65 మంది, రక్త పరీక్ష పాజిటివ్ వచ్చినవాళ్లు 30, చివరికి బిడ్డను ఎత్తుకుని ఇంటికెళ్లినవాళ్లు 20. ముప్పైని అరవై ఐదుతో భాగిస్తే 46 శాతం, ఇరవైని వందతో భాగిస్తే 20 శాతం. రెండూ అబద్ధం కాదు, కానీ పొలం కుదువబెట్టి డబ్బు తెచ్చుకున్న జంటకు కావలసింది రెండోది. నీ పేపర్‌లో పై అంకె ఏది, కింద అంకె ఏది అన్నది మొదటి పేజీలోనే చెప్పు. మధ్యలో ఆగిపోయిన ఆ 35 మందిని ఫైలులోంచి తీసేయకు, అండాలు రానివాళ్లు, పిండం తయారు కానివాళ్లు, డబ్బు అయిపోయి ఆపేసినవాళ్లు వాళ్లలోనే ఉంటారు.

పిండాల ఫోటోలు చూసి ఏది నిలుస్తుందో కంప్యూటర్‌తో చెప్పించే పని మీద నీకు ఆసక్తి ఉందన్నావు. ఒక జాగ్రత్త. ఒకే ఆమెకు ఐదారు పిండాలుంటాయి, వాటిలో కొన్ని మోడల్‌కు నేర్పే ట్రైనింగ్‌లోకి, కొన్ని దాన్ని పరీక్షించే టెస్టింగ్‌లోకి వెళ్లాయంటే మోడల్ పిండాన్ని కాకుండా ఆమెను గుర్తుపడుతుంది, నీకేమో స్కోరు బ్రహ్మాండంగా కనిపిస్తుంది. డేటాను మనిషి ప్రకారం విడగొట్టు, ఇంకా మంచిది, ఒక ఆసుపత్రి డేటా మొత్తం పక్కన పెట్టి చివర్లో దాని మీద పరీక్షించు. అలా చేసినా అక్కడితో అయిపోదు. 2024లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన ట్రయల్ చదువు: ఆస్ట్రేలియా, యూరప్‌లలోని 14 సెంటర్లు, 1066 మంది, చీటీ వేసినట్టు రెండు గుంపులు చేశారు. కంప్యూటర్ ఎంచిన పిండాలతో 46.5 శాతం మందికి గర్భం నిలిచింది, పిండాలు చూసే నిపుణులు, ఎంబ్రియాలజిస్టులు, ఎంచినవాటితో 48.2 శాతం మందికి. కంప్యూటర్ వాళ్లకు తీసిపోదని కూడా నిరూపణ కాలేదు, టైం మాత్రం పదో వంతే పట్టింది. గర్భసంచి లోపలి పొరలో జీన్ల పనితీరు చూసి పిండాన్ని ఎప్పుడు పెట్టాలో చెప్పే పరీక్ష సంగతీ అంతే. కొన్నేళ్లు అందరూ రాశారు, పేషెంట్లు డబ్బులు పెట్టి చేయించుకున్నారు, చివరికి 2022లో జామా వైద్య పత్రికలో 767 మందితో ట్రయల్ ఫలితం వచ్చింది: ఆ పరీక్ష చెప్పిన సమయానికి పెట్టినవాళ్లలో బిడ్డ పుట్టింది 58.5 శాతం మందికి, మామూలు సమయానికి పెట్టినవాళ్లలో 61.9 శాతం మందికి. ఇది చూసి నిరుత్సాహపడకు. ట్రయల్ జరిగే దాకా నీ మోడల్ ఒక ఊహ మాత్రమే అని పేపర్‌లో రాసే ధైర్యం తెచ్చుకో.

జీన్ల డేటా దగ్గర మళ్లీ తేదీయే. గర్భసంచి లోపలి పొర రోజురోజుకూ మారిపోతుంది. జబ్బు ఉన్నవాళ్ల ముక్క ఒక రోజు, లేనివాళ్ల ముక్క చక్రంలో ఇంకో రోజు తీస్తే నీకు వందల జీన్లలో తేడా కనిపిస్తుంది, అది జబ్బు తేడా కాదు, క్యాలెండర్ తేడా. అండం విడుదలకు ముందు పెరిగే ఎల్‌హెచ్ హార్మోన్ పెరిగిన రోజు నుంచి లెక్కపెట్టి తీశారా, ఊరికే ఇరవై ఒకటో రోజని తీశారా అడుగు. ఇరవై వేల జీన్లను ఒక్కొక్కటిగా 0.05 దగ్గర, అంటే వందకు ఐదు పొరపాట్లు ఒప్పుకుని, పరీక్షిస్తే, ఏ తేడా లేకపోయినా వెయ్యి జీన్ల దాకా తేడా ఉన్నట్టు తేలతాయి, కాబట్టి ఇలాంటి ఉత్తుత్తి తేడాలను అదుపులో పెట్టే బెంజమినీ–హాక్‌బర్గ్ సవరణ చేయని పట్టికను నాకు పంపకు. శాంపిళ్లు తారుమారయ్యాయేమో చూడటానికి ఒక సులువు ఉంది: ఆడవాళ్ల కణాల్లో ఎక్సిస్ట్ జీన్ పనిచేస్తూ కనిపిస్తుంది, మగవాళ్లలో వై క్రోమోజోమ్ మీది ఆర్‌పీఎస్4వై1 కనిపిస్తుంది. గర్భసంచి ముక్క అని చీటీ ఉన్న శాంపిల్లో వై జీన్లు గట్టిగా కనిపిస్తే ల్యాబ్‌కు ఫోన్ చెయ్యి. మాయ ముక్కలో కనిపిస్తే అది తప్పు కాదు, మాయ బిడ్డ వైపుది. ఇంకొకటి, జీన్ల పట్టికను ఎక్సెల్‌లో తెరవకు. సెప్ట్2, మార్చ్1 లాంటి పేర్లను అది తేదీలుగా మార్చేస్తుంది, ఈ బాధ పడలేకే 2020లో ఆ జీన్ల పేర్లే మార్చేశారు. పాత ఫైళ్లలో ఇంకా ఉన్నాయి.

పైన చెప్పిన వై సంగతితో ఒక బాధ్యత కూడా వచ్చి పడుతుంది. గర్భిణి రక్తంలోనో మాయలోనో డేటా చూస్తే పుట్టబోయేది ఆడో మగో నీ కంప్యూటర్‌కు తెలిసిపోతుంది. అది బయటపెట్టకూడదనే 1994 పీసీపీఎన్‌డీటీ చట్టం ఎందుకు వచ్చిందో నీకు చెప్పక్కర్లేదు. ఆ గడి వేరే ఫైలులో తాళం వేసి ఉండాలి, కాన్పు కాకముందు ఇంటివాళ్లకు, డాక్టరుకు, నీ రూమ్‌మేట్‌కు కూడా నోటిమాటగానైనా చేరకూడదు. అలాగే పేరు తీసేస్తే చాలనుకోకు, ఊరు, వయసు, రెండుసార్లు ఐవీఎఫ్ అని ఉంటే ఆ మండలంలో ఆమె ఎవరో అందరికీ తెలుస్తుంది. కేస్ షీట్లను చాట్‌బాట్‌లో పేస్ట్ చేసి సారాంశం అడగడం ఇప్పుడు పిల్లలకు అలవాటైంది. నువ్వు చేయకు.

మగవాళ్ల డేటా లేకుండా సంతానలేమి మీద పేపర్ రాయకు. భర్త వీర్య పరీక్షకు రాలేదని ఆ గడి ఖాళీగా ఉంటుంది, కానీ ఎవరు రాలేదో చూడు, నీకే అర్థమవుతుంది. అన్ని రకాల పరీక్షలు భార్యకు పూర్తయి, ఏళ్లు గడిచాక గానీ ఆయన రాని ఇళ్లు మన దగ్గర ఎన్నో. ఖాళీ గడిని సగటుతో నింపేస్తే ఆ అన్యాయం కూడా కనపడకుండా పోతుంది. అంకె ఉన్నచోట కూడా, డబ్ల్యూహెచ్‌ఓ 2021 పుస్తకంలోని మిల్లీలీటరుకు 16 మిలియన్ల వీర్యకణాల గీత కింద ఉన్నవాళ్లంతా తండ్రులు కాలేరని కాదు. ఏడాది లోపు భార్య గర్భం దాల్చిన మగవాళ్లలో వంద మందికి ఐదుగురు ఆ గీత కిందే ఉన్నారు. అవును, కాదు అని మార్చకుండా అంకెను అంకెగానే ఉంచు.

రోజూ చేసింది తేదీ వేసి రాసుకో, కోడ్ మార్చినా సరే. డాక్టర్ సుభాష్ ముఖర్జీ 1978 అక్టోబరు 3న కలకత్తాలో పుట్టిన టెస్ట్‌ట్యూబ్ బేబీ గురించి చెబితే ఎవరూ నమ్మలేదు, ఆయన 1981లో ప్రాణం తీసుకున్నారు. తర్వాత టి.సి. ఆనంద్ కుమార్ ఆయన రాసిపెట్టుకున్న కాగితాలు చదివి, 1997లో ఆ ఘనత ఆయనదే అని బహిరంగంగా చెప్పారు. చెప్పిన మనిషి ఎవరో కాదు, అప్పటిదాకా దేశంలో మొదటిదని పేరున్న 1986 టెస్ట్‌ట్యూబ్ బేబీ వెనుక ఉన్న శాస్త్రవేత్త. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది.

ఎథిక్స్ కమిటీకి పెట్టే ముందు ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు పూర్తిగా చదువు. ట్రయల్ అయితే మొదటి పేషెంటును చేర్చుకోకముందే దేశంలోని ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్‌ఐలో నమోదు కావాలి. సమ్మతి తీసుకునేటప్పుడు అత్తగారినీ భర్తనూ కాసేపు బయట కూర్చోమని చెప్పి ఆమెతో విడిగా మాట్లాడు, వద్దంటే వైద్యం ఆగదని రెండుసార్లు చెప్పు. సమ్మతి పత్రం తెలుగులో నువ్వే రాసి నాకు వాట్సాప్‌లో పంపు. మా వీధికి వచ్చే ఆశా కార్యకర్తకు చదివి వినిపించి, ఆమె ఎక్కడ ఆగి "అంటే ఏంటమ్మా" అని అడిగిందో అక్కడ గుర్తు పెట్టి తిప్పి పంపుతాను. కమిటీ మీటింగుకు పది రోజుల ముందే పంపు, అనుమతి వచ్చాక ఒక్క వాక్యం మార్చాలన్నా మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి.

మీ పెద్దమ్మ,
హన్మకొండ