పాత అడ్రసు ఒక్కటే చేతిలో ఉంటే: సుధకి పెద్దమ్మ ఉత్తరం

చి. సుధకి,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ నాన్నగారి పెట్టెలో దొరికిన ఏరోగ్రామ్ ఫొటో చూశాను. 1984 నాటి, డాలస్ పక్కనున్న రిచర్డ్‌సన్ అడ్రసు, పంపినాయన పూర్తి పేరు, ఇద్దరూ వరంగల్ ఆర్.ఇ.సి.లో సివిల్ చదివారన్న సంగతి. మీ నాన్నగారి ఆ పాత స్నేహితుణ్ణి వెతకడానికి ఇది చాలు. నేను రిటైరయ్యేదాకా టెక్సస్‌లో ఆస్తి హక్కులు సరిచూసే ఒక టైటిల్ కంపెనీలో దస్తావేజులు చదివినదాన్నే కాబట్టి ఈ పని ఎలా చెయ్యాలో చెబుతాను. న్యూజెర్సీలో కూర్చునే చాలావరకు చేసుకోవచ్చు.

ముందుగా, మనుషుల్ని వెతికిపెడతామనే సైట్లకి డబ్బు కట్టకు. వాళ్లు అమ్మేదాంట్లో చాలా భాగం కౌంటీ సైట్లలో ఊరికే దొరుకుతుంది. పైగా మన పేర్లయితే ముగ్గురు శ్రీనివాసరావుల్ని కలిపి ఒక్కడిని చేసేస్తారు.

ఇక్కడ ఊరి పేరు చూసి కౌంటీ చెప్పేయలేం. రిచర్డ్‌సన్ కొంత డాలస్ కౌంటీలో ఉంది, కొంత కాలిన్ కౌంటీలో ఉంది. ఫ్రిస్కో అయితే కాలిన్, డెంటన్ రెండింట్లోనూ ఉంది. టెక్సస్‌లో 254 కౌంటీలున్నాయి, ఎవరి రిజిస్టర్లు వాళ్లవే. కాబట్టి ఆ ఇల్లు ఏ కౌంటీ కిందికి వస్తుందో మొదట తేల్చుకో. అది తేలాక అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైటుకి వెళ్లు. ఆస్తి పన్ను కోసం ఇళ్లకి విలువ కట్టేది వాళ్లే. డాలస్ కౌంటీ దాన్ని అందరూ డీక్యాడ్ అంటారు. ఇంటి నంబరు, వీధి పేరు కొడితే ఇప్పటి యజమాని పేరు వస్తుంది. నలభై ఏళ్లయింది, బహుశా వేరే ఎవరో ఉంటారు. నిరుత్సాహపడకు, అసలు పని అక్కణ్ణుంచే మొదలు.

మన ఊళ్లో సబ్ రిజిస్ట్రార్ చేసే పని ఇక్కడ కౌంటీ క్లర్క్ చేస్తారు. తేడా ఏమిటంటే, మనం ఈసీ ఆస్తిని బట్టి తీస్తాం. ఇక్కడ ఇండెక్స్ మనుషుల పేర్లను బట్టి ఉంటుంది. అమ్మినవాళ్లు గ్రాంటర్, కొన్నవాళ్లు గ్రాంటీ. ఆయన ఇంటిపేరుతో గ్రాంటీ వైపు వెతికితే ఆ ఇల్లు కొన్నప్పటి డీడ్, అంటే దస్తావేజు, దొరకాలి. గ్రాంటర్ వైపు వెతికితే అమ్మినప్పటిది దొరకాలి. అమ్మిన తేదీ తెలిశాక, ఆ తేదీకి కాస్త అటూ ఇటూగా పక్క కౌంటీల్లో గ్రాంటీగా ఆయన పేరు వెతుకు. ఒక ఇల్లు అమ్మి ఇంకోటి కొనడం ఇక్కడ మామూలే, పిల్లల స్కూళ్ల కోసం ఉత్తరానికి, ప్లేనో వైపో ఫ్రిస్కో వైపో జరిగినవాళ్లు చాలామంది. ఆన్‌లైన్‌లో వచ్చే కాపీ మీద అన్‌అఫీషియల్ అని వాటర్‌మార్క్ ఉంటుంది. చదువుకోవడానికి అది చాలు, సర్టిఫైడ్ కాపీ కొనక్కర్లేదు. మరీ పాతవి సైట్లో లేకపోతే క్లర్క్ ఆఫీసుకి ఫోన్ చేసి, మైక్రోఫిల్మ్‌లో ఉన్నాయా అని అడుగు.

డీడ్ దొరికితే ధర కోసం చూడకు, ఉండదు. పది డాలర్లు, ఇతర ప్రతిఫలం అని రాసి ఊరుకుంటారు. టెక్సస్‌లో అమ్మిన ధర బయటపెట్టాలన్న నియమం లేదు. మొదట్లో ఇది చూసి నాకు నవ్వొచ్చేది. మనవాళ్లు రిజిస్ట్రేషన్ విలువ తగ్గించి రాయడానికి పడే తిప్పలు గుర్తొచ్చేవి. నువ్వు చూడాల్సినవి వేరే ఉన్నాయి. పేర్ల పక్కన సాధారణంగా భార్య పేరు ఉంటుంది, అది రాసి పెట్టుకో. అదే పేరున్న ఇంకో మనిషి తగిలినప్పుడు ఈయనా ఆయనా అని తేల్చేది ఆ భార్య పేరే. కొన్నవాళ్ల మెయిలింగ్ అడ్రసు ఉంటుంది. ఆఖరి పేజీలో నోటరీ ముందు ఏ రాష్ట్రంలో, ఏ కౌంటీలో సంతకం పెట్టారో ఉంటుంది. ఇల్లు డాలస్‌లో, సంతకం కాలిఫోర్నియాలో అంటే అమ్మేనాటికే వెళ్లిపోయారన్నమాట. పవర్ ఆఫ్ అటార్నీ రికార్డు చేసి ఉంటే అదీ తెరిచి చూడు. ఇండియా తిరిగి వెళ్లిపోయినవాళ్లు చాలామంది అలాగే అమ్ముకున్నారు. అదే జరిగితే ఇక్కడ వెతకడం మానేసి వరంగల్ పాత విద్యార్థుల సంఘాన్ని అడగడమే మేలు.

పేరు స్పెల్లింగ్ దగ్గరే మనవాళ్లు ఎక్కువ దెబ్బతింటారు. చౌదరిని ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాస్తారు. లక్ష్మిలో ఎక్స్ ఉండొచ్చు, కె.ఎస్. ఉండొచ్చు. వెంకట ఒకచోట విడిగా, ఒకచోట కలిపి, ఇంకోచోట ఉత్త వి. కొందరికి ఇంటిపేరు బదులు రావో రెడ్డో లాస్ట్‌నేమ్ అయి కూర్చుంటుంది. సిటిజన్‌షిప్ తీసుకునేటప్పుడు పేరు కుదించుకున్నవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఇంటిపేరులో మొదటి నాలుగైదు అక్షరాలు మాత్రం కొట్టి, వచ్చిన జాబితా ఓపిగ్గా చదువు. కంప్యూటర్ వదిలేసింది నీ కన్ను పట్టుకుంటుంది.

ఇప్పుడున్న ఇల్లు దొరికిందనుకో. డీక్యాడ్‌లోనో కాలిన్ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లోనో మళ్లీ చూడు. హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ అనే పన్ను రాయితీ ఉంటే, అది సొంతంగా ఉంటున్న ఇంటికే ఇస్తారు కాబట్టి, ఆయన అక్కడే ఉంటున్నారని చాలావరకు నమ్మొచ్చు. ఇంటి అడ్రసు ఒకటి, మెయిలింగ్ అడ్రసు ఇంకోటి అయితే అద్దెకిచ్చి ఉంటారు, నీకు కావాల్సింది రెండోది. వయసు మాత్రం అక్కడ తెలియదు. 65 దాటినవాళ్లకి పన్ను రాయితీ ఉన్నా, వయసు తెలిసే వివరం వెబ్‌సైట్లో పెట్టకూడదని చట్టం. యజమాని పేరు దగ్గర ఎస్టేట్ అని కనబడితే మాత్రం ఆయన పోయారన్నమాట, మనసు గట్టి చేసుకో. మీ నాన్నగారి ఈడువాళ్లు కదమ్మా. అప్పుడు కౌంటీ క్లర్క్ దగ్గర ప్రోబేట్ కాగితాల్లో, అంటే వీలునామా, వారసత్వం కాగితాల్లో, పిల్లల పేర్లు దొరుకుతాయి.

ఇల్లే కొననివాళ్లకి ఈ దారి పనికిరాదు. ఆయన ఇంజనీరు కాబట్టి రాష్ట్ర ఇంజనీర్ల బోర్డు సైట్లో పి.ఇ. (ప్రొఫెషనల్ ఇంజనీర్) లైసెన్సు ఉందేమో చూడు. వ్యాపారం పెట్టి ఉంటే కౌంటీ క్లర్క్ దగ్గర అస్యూమ్డ్ నేమ్, అంటే వ్యాపారానికి పెట్టుకున్న పేరు, కింద పేరు నమోదై ఉండొచ్చు. డాలస్ డౌన్‌టౌన్‌లో సెంట్రల్ లైబ్రరీ ఏడో అంతస్తులో డాలస్ చరిత్ర విభాగం ఉంది. పాత సిటీ డైరెక్టరీల గురించి అక్కడివాళ్లని అడుగు, అలాంటి ప్రశ్నలకి సరదాపడే మనుషులు. డ్రైవింగ్ లైసెన్సు రికార్డుల జోలికి పోకు. 1994 నాటి ఫెడరల్ చట్టం వచ్చాక అవి ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వరు. సిటీ ఆఫీసునుంచి పర్మిట్లలాంటివి కావాలంటే పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద అర్జీ పెట్టుకోవచ్చు. ఫలానా మనిషి ఎక్కడున్నాడు అని ప్రశ్న అడిగితే వాళ్లు జవాబు చెప్పక్కర్లేదు. ఫలానా అడ్రసుకి ఫలానా ఏడాది ఇచ్చిన పర్మిట్ కాపీ కావాలని కాగితం పేరు పెట్టి అడగాలి.

వెతుకుతుంటే నీకు అక్కర్లేనివి కూడా కళ్లబడతాయి. విడాకుల కేసు, కట్టని పన్ను, బ్యాంకు వేసిన దావా. కోర్టు కాగితమైతే ఎవరైనా చదవొచ్చు, నిజమే. నువ్వు చదవకు. అడ్రసు దొరికిందని ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టకు, మన బంధువుల గ్రూపులో అసలు పెట్టకు, సాయంత్రానికల్లా ఎవరో ఒకరు ఆయనకి ఫోన్ చేసేస్తారు.

నువ్వు కూడా ఫోన్ చెయ్యకు, చెప్పకుండా వెళ్లి తలుపు కొట్టకు. ఉత్తరం రాయి. ఎవరి అమ్మాయివో మొదటి వాక్యంలోనే చెప్పు, అడ్రసు ఎలా దొరికిందో రెండో వాక్యంలో చెప్పు. లేకపోతే ఏదో మోసమని పారేస్తారు. నాన్నగారు పోయిన సంగతి, ఏరోగ్రామ్ సంగతి రాసి, వాళ్లిద్దరూ హాస్టల్ ముందు దిగిన ఫొటో కాపీ ఒకటి పెట్టు. నీ నంబరు ఇచ్చి, వీలైతే, ఇష్టమైతే అని ఊరుకో. సర్టిఫైడ్ మెయిల్ వద్దు. సంతకం పెట్టమంటే కోర్టు నోటీసేమోనని పెద్దవాళ్లు టెన్షన్ పడతారు. మామూలు ఫస్ట్ క్లాస్ స్టాంపు చాలు, ఇల్లు మారి పోస్టాఫీసుకి చెప్పి ఉంటే ఏడాదిదాకా కొత్త చోటికి వాళ్లే పంపుతారు.

డీడ్లు దొరికితే కాపీలు నాకు పంపు, ఇద్దరం కలిసి చదువుదాం. అదే పేరున్నవాళ్లు ఇద్దరు తేలితే ఎవరికీ రాయకు, ముందు నాకు ఫోన్ చెయ్యి. రాత్రి తొమ్మిదిదాకా మేలుకునే ఉంటాను, మా టైము.

ఆశీస్సులతో,
పెద్దమ్మ