ఏఆర్-15కి ఏం తగిలించాలి? నాకు ఆ గోధుమ చేలో తెలిసింది

ఈ ప్రశ్న అడిగినాయనకి ఈ మధ్యే గ్రీన్‌కార్డ్ వచ్చిందట, ఆస్టిన్‌లో ఏఆర్-15 రైఫిల్ కొన్నారట. "పైన తగిలించే సామాన్లకి ఇంకో వెయ్యి డాలర్లు పెడదామనుకుంటున్నాను. ఏవి నిజంగా పనికొస్తాయి, ఏవి దండగ?" అని అడిగారు.

మంచి సైటు (గురి చూసే పరికరం), లైటు, స్లింగు (భుజానికి తగిలించుకునే పట్టీ). ఈ మూడే. వాటిని సరిగ్గా బిగించి, మిగిలిన డబ్బంతా తూటాలకీ, కాల్చడం సాధన చేసే రేంజ్ ఫీజుకీ పెట్టండి. ఈ మాట నేను ఎవరి వీడియోలోనో చూసి చెప్పడం లేదు.

మాది మదనపల్లె దగ్గర పల్లె. చెనక్కాయ చేలో పందులు పడితే తెల్లారేసరికి సాళ్ళకి సాళ్ళు తవ్విపోసి ఉండేవి. మా నాయన మంచె మీద కూర్చుని రాత్రంతా డబ్బా వాయించేవాడు. అందుకే టెక్సస్‌లో వేకో ఊరికి పడమరగా ఉన్న ఒక రైతు, గోధుమ చేను పందులపాలవుతోంది, వచ్చి కొట్టండి అని అడిగినప్పుడు ఆ బాధేంటో నాకు ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. టెక్సస్‌లో అడవి పందులకి సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న లెక్క లేదు, రాత్రిపూట కూడా కొట్టొచ్చు. 2019 సెప్టెంబర్ నుంచి సొంత భూముల్లో, యజమాని ఒప్పుకుంటే, వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. మేం వెళ్లింది ఆ నవంబర్‌లోనే.

అప్పటికి నా రైఫిల్ మీద లేనిది లేదు. ముందు బైపాడ్ అనే రెండు కాళ్ల స్టాండు, దాని వెనక పట్టుకోవడానికి ఒక గ్రిప్, పక్కన లేజర్, ఇంకో పక్క లైటు, పైన గురికి ఎర్ర చుక్క చూపించే చవక రెడ్ డాట్ సైటు, దాని వెనక దూరాన్ని దగ్గరగా చూపించే మాగ్నిఫైయర్, బ్యారెల్ చివర వెనక్కి తన్నే దెబ్బ తగ్గించే మజిల్ బ్రేక్. ఆరున్నర పౌండ్లు ఉండాల్సింది పదకొండు అయింది. స్లింగు మాత్రం లేదు, ఎందుకులే అనుకున్నాను. బండి గేటు దగ్గర ఆపి మైలు దూరం దున్నిన చేలో నడిచాం. రెండు చేతులూ రైఫిల్‌కే సరిపోయాయి. కంచె దాటాల్సి వచ్చినప్పుడు దాన్ని తీసి మా బావమరిదికి ఇవ్వాల్సి వచ్చింది.

పన్నెండు దాటాక వాగు వైపు నుంచి మంద వచ్చింది. అరవై గజాలు కూడా లేదు. లైటు వేశాను. వెలుగు సగం బైపాడ్ కాలి మీద, బ్రేక్ మీద పడి తిరిగి నా కళ్ళల్లోనే కొట్టింది. రెడ్ డాట్ వెలుతురు మధ్యాహ్నం రేంజ్‌లో పెట్టినట్టే ఉంది, చీకట్లో ఆ చుక్క ఉబ్బి పంది మొత్తాన్ని కప్పేసింది. అయినా కాల్చాను. అదే నా తప్పు. మొదటి తూటా కింద మట్టిలో పడింది. రెండోది తగిలింది, కానీ ఎక్కడ తగిలిందో తెలియలేదు. పంది అరిచి వాగులోకి దూకింది. పక్కనే మోకాళ్ల మీద కూర్చున్న మా బావమరిది పందుల అలికిడి వినడానికి ఒక చెవి ప్లగ్ తీసి ఉన్నాడు. మజిల్ బ్రేక్ ఆ మోతనంతా పక్కలకే తోస్తుంది. "బావా, ఈ చెవిలో ఏం వినపడట్లేదు బావా" అన్నాడు. మూడు రోజులు ఆ చెవిలో గింగురుమంటూనే ఉందట. వాళ్ళక్క నాతో వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

తెల్లవారుజామున మూడింటి దాకా వాగు వెంబడి వెతికాం. నెత్తురు చుక్కలు రాళ్ల దగ్గర ఆగిపోయాయి. దెబ్బ తిన్న జంతువుని వదిలి రావడమంత పాపం ఇంకోటి లేదు, అది పంట తినే పందైనా సరే. పొద్దున రైతు కాఫీ ఇస్తూ, "కొట్టావు సరే, ఎక్కడ పడింది?" అని ఒక్క మాట అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు రేంజ్‌కి వెళ్లి చూస్తే రెడ్ డాట్‌ని రైఫిల్‌కి పట్టి ఉంచే మౌంటు స్క్రూ వేలితో సగం చుట్టు తిరిగింది. యాభై గజాల్లో తూటాలు ఆరు అంగుళాలు కిందకీ ఎడమకీ పడుతున్నాయి.

కాబట్టి సైటు విషయంలో పిసినారితనం వద్దు. డాట్ కంటే మౌంటు ముఖ్యం. తయారీదారు చెప్పిన టార్క్‌కి (ఎంత గట్టిగా తిప్పాలన్న లెక్కకి) టార్క్ రెంచితో బిగించండి, స్క్రూ వదులవకుండా పట్టే నీలం రంగు థ్రెడ్ లాకర్ ఎక్కడ వాడమన్నారో అక్కడ వాడండి. యాభై గజాలకి జీరో చేస్తే, అంటే అక్కడ గురి పెట్టిన చోటే తూటా పడేలా సైటు సరిచేస్తే, దాదాపు రెండు వందల గజాల దగ్గర తూటా మళ్లీ అదే గురి గీతకి వస్తుంది. ఆ మధ్యలో తేడా దాదాపు రెండు అంగుళాల లోపే, పందికి చాలు. మరీ దగ్గర్లో మాత్రం తూటా రెండున్నర అంగుళాలు కిందకి పడుతుంది, ఎందుకంటే సైటు బ్యారెల్ కంటే అంత ఎత్తులో ఉంటుంది. కాగితం మీద కాల్చి చూస్తేగానీ ఇది మనసుకి ఎక్కదు.

లైటు ఎందుకంటే, కాల్చేది ఏమిటో ముందు తెలియాలి. చేలో అయితే అది దూడ కావచ్చు. ఇంట్లో అయితే మంచినీళ్ల కోసం లేచిన మీ అబ్బాయే కావచ్చు. లైటుని వీలైనంత ముందుకి, దాని వెలుగుకి ఏదీ అడ్డం లేకుండా పెట్టండి. ఒంటి వేడిని బట్టి చీకట్లో జంతువుని చూపించే థర్మల్ స్కోప్ కొనగలిగితే వేటకి దాన్ని మించింది లేదు, కానీ మొదటి ఏడాది వద్దు. స్లింగు గురించి చెప్పడానికేముంది, కంచె దాటినప్పుడు మీకే అర్థమవుతుంది.

ట్రిగ్గర్ మార్చడం నాలుగోది. కంపెనీ ట్రిగ్గర్‌ని ఆరేడు పౌండ్ల బలంతో లాగాలి, ఇసుక మీద జారినట్టుంటుంది. రెండు దశల్లో లాగే మంచి టూ-స్టేజ్ ట్రిగ్గర్ వేస్తే తేడా చేతికి తెలుస్తుంది. కానీ వెయ్యి తూటాలు కాల్చాకే వేయండి. హ్యాండ్‌గార్డ్ (ముందు చేత్తో పట్టుకునే తొడుగు) బ్యారెల్‌కి తగలని ఫ్రీ ఫ్లోట్ రకమైతే సంతోషం, కాకపోతే దాని కోసం ఆగకండి. లేజర్, మాగ్నిఫైయర్, ముందు గ్రిప్ వద్దు. మజిల్ బ్రేక్ అసలే వద్దు, పక్కన మనిషి ఉంటాడు. మోత తగ్గించే సప్రెసర్ మాత్రం ఆలోచించండి. దాని మీద 1934 నుంచి ఉన్న 200 డాలర్ల పన్ను 2026 జనవరితో పోయింది, కాగితాల పని మాత్రం అలాగే ఉంది.

ఈ రైఫిల్‌ని రూపొందించిన యూజీన్ స్టోనర్ 1950ల్లో దీనికి అల్యూమినియం వాడింది సైనికుడి భుజం మీద బరువు తగ్గించడానికి. మనం కొనుక్కొచ్చి దాని మీద మళ్లీ నాలుగైదు పౌండ్లు వేలాడదీస్తున్నాం. షాపులో కుర్రాడు కట్టగట్టి అంటగడతాడు, మనం వాట్సాప్‌లో ఫొటో పెడతాం. ఆ ఫొటోలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 2023 మే 6న డాలస్ దగ్గర అలెన్ మాల్‌లో జరిగిన కాల్పుల్లో ఎనిమిది మంది చనిపోయారు. వాళ్లలో మన తెలుగు మనిషి కూడా ఉన్నారు. అక్కడ వాడింది ఇలాంటి రైఫిలే. ఇది ఫొటోలకి పెట్టుకునే వస్తువు కాదు.

అందుకే రైఫిల్ మీదకి ఏం కొనే ముందైనా, ఆ వెయ్యి డాలర్లలో మొదటి ఖర్చు గన్ సేఫ్, అంటే తుపాకీని తాళం వేసి పెట్టే పెట్టె. పిల్లల చేతికి అందేలా తుపాకీ వదిలేస్తే టెక్సస్‌లో నేరం. మీరు గ్రీన్‌కార్డ్ వచ్చాక కొన్నారు, మంచి పని చేశారు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకి తుపాకీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది, కానీ లాయర్‌ని అడక్కుండా ఆ దారిన పోవద్దని మీ స్నేహితులకి చెప్పండి. రేంజ్‌లో సరదాగా పట్టుకుందామనుకునే కుర్రాళ్లకి ఈ సంగతే తెలియదు.

ఇప్పుడు నా రైఫిల్ మీద ఆ మూడే ఉన్నాయి. ప్రతి స్క్రూ తల మీద నుంచి మౌంటు మీదికి మా అమ్మాయి ఎర్ర నెయిల్ పాలిష్‌తో సన్నగా గీత గీశాను. స్క్రూ కదిలితే గీత విరిగినట్టు కనపడుతుంది. పోయిన నెల రైతు ఫోన్ చేసి మంద దిగిందన్నాడు. బయల్దేరబోతూ టార్చి వేసి చూస్తే వెనక స్క్రూ గీత వెంట్రుక వాసి పక్కకి జరిగి ఉంది. రేపు వస్తానని చెప్పి రైఫిల్‌ని మళ్లీ సేఫ్‌లో పెట్టేశాను.