ఇల్లు కట్టుకోవడానికి గీత అడ్డమా?

ప్రశ్న: మాది ఉప్పాడ. సముద్రం ఊళ్లోకి వచ్చేస్తోంది. పాత ఇంటిని పడగొట్టి కట్టుకుందామంటే సీఆర్‌జెడ్ (తీర నియంత్రణ మండలం) గీత అడ్డమంటున్నారు. అది గీసేది ఆఫీసర్లా, శాస్త్రవేత్తలా?
– ఒక పాఠకురాలు, కాకినాడ జిల్లా

జవాబు: గీత శాస్త్రవేత్తలదేనమ్మా. అమావాస్య, పౌర్ణమి పోట్లకు నీళ్లు ఎక్కడిదాకా ఎక్కుతాయో చూసి చెన్నైలోని జాతీయ సుస్థిర తీర నిర్వహణ కేంద్రం పోటు రేఖ గుర్తిస్తుంది. అక్కణ్నుంచి ఎన్ని మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలన్నది మాత్రం ప్రభుత్వం ఇష్టం. 2011 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ పల్లెలకు 200 మీటర్లు పెట్టింది. 2019లో, చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనమున్న చోట దాన్ని 50కి దించారు.

నాకు మింగుడుపడనిది ఇంకొకటి. తీరం కోత, వరద, సముద్రమట్టం పెరుగుదల లెక్కగట్టి సర్వే ఆఫ్ ఇండియా ప్రమాద రేఖ గీసింది. మీలాంటి ఊళ్లకు అసలు కావలసింది అదే. 2019 నోటిఫికేషన్ దాన్ని విపత్తు ప్రణాళికలకే పరిమితం చేసింది, కట్టడాల అనుమతికి లెక్కలోకి తీసుకోలేదు. ఇంత సైన్సు చేయించుకుని పక్కన పెట్టడం అన్యాయం.

మీ ఊరు సీఆర్‌జెడ్-3 (పల్లె తీరాల విభాగం)లో ఉండి, పాత ఇంటికి అనుమతి ఉంటే, అదే పునాది కొలతల్లో, విస్తీర్ణం పెంచకుండా తిరిగి కట్టుకోవచ్చు. అయితే ముందు తీర ప్రణాళిక మ్యాపులో ప్రమాద రేఖ మీ ఇంటికి ఏ పక్కనుందో చూపించమనండి. కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా తీర కమిటీలో మత్స్యకారులతో సహా స్థానిక తీరవాసుల ప్రతినిధులు కనీసం ముగ్గురుండాలి. వాళ్లెవరో కనుక్కుని, అర్జీ వాళ్ల చేత కూడా పెట్టించండి.