చప్పగా సాగిందన్న రేసు గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి వరండాలో కూర్చుని గబగబా. రెండోసారి పెన్సిలు పట్టుకుని. షార్లెట్ స్పీడ్‌వేలో మొదటిసారి స్టాక్ కార్ల రేసు, అదే చూడ్డానికి మామూలు రోడ్డు కార్లలా ఉండే కార్ల రేసు, చూసి, ఇంటికెళ్ళి ఆ రాత్రే ఆరు పేజీలు రాశావంటే నీకు రాసే ఆకలి ఉంది. అది ఒకరు నేర్పితే వచ్చేది కాదు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

నీ వ్యాసం మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు చెప్పనా? రేసయ్యాక పార్కింగ్‌లోంచి బయటపడలేక గంటసేపు కార్లో ఇరుక్కుపోయారు చూడు, అప్పుడు వెనక సీట్లో నీ స్నేహితులిద్దరూ పడ్డ వాదన. ఒకమ్మాయి పైసా వసూల్ అంది. రెండో అబ్బాయి నాలుగు గంటలు గుండ్రంగా తిరిగారు అంతే కదా అన్నాడు. చదువుతుంటే ఆ కార్లో నేనూ కూర్చున్నట్టే ఉంది. ఆ వెంటనే నువ్వు, "మొత్తం మీద రేసు చప్పగా సాగింది" అని రాసి పేరా ముగించావు. అక్కడ నా పెన్సిలు ఆగిపోయింది.

ఇద్దరూ పక్కపక్క సీట్లలో కూర్చుని ఒకే రేసు చూశారు. ఒకరికి పండగ, ఒకరికి బోరు ఎలా అయింది? నీ చేతిలో పడ్డ ప్రశ్న అది. నువ్వు దాన్ని వదిలేసి ఊరి పెద్దలా తీర్పు చెప్పి లేచిపోయావు.

ఈ తగువు కొత్తదేం కాదమ్మా. 1959లో డేటోనాలో మొట్టమొదటి 500 మైళ్ళ రేసు జరిగినప్పుడు గీత దగ్గరికి మూడు కార్లు ఒకేసారి వచ్చాయి. అందులో ఒకటి అప్పటికే ఒక ల్యాపు, అంటే ట్రాకు చుట్టూ ఒక చుట్టు, వెనకబడింది, గెలుపుతో దానికి సంబంధం లేదు. మిగిలిన రెండిట్లో జానీ బోచాంప్ గెలిచాడని ప్రకటించారు. ఫొటోలు, న్యూస్‌రీల్ తెప్పించుకుని చూసి, మూడు రోజులయ్యాక, కాదు, లీ పెటీ గెలిచాడన్నారు. ఎవరు గెలిచారో తేల్చడానికే అంత పట్టిన ఆటలో, రేసు బాగుందా లేదా అన్నది ఒక్క వాక్యంలో తేలిపోతుందా? జెఫ్ గ్లక్ అనే పాత్రికేయుడు 2016 నుంచి ప్రతి రేసు తరవాతా అభిమానుల్ని ఇదే అడుగుతున్నాడు, ఇది మంచి రేసేనా అని. జనం అవును, కాదు అని ఓటు వేస్తారు. ఓటు వేయడం అభిమాని పని. ఆ ఓటు ఎందుకు అలా పడిందో కనుక్కోవడం నీ పని.

నా సంగతి ఒకటి చెప్తాను. 2016 మే 29, కోకకోలా 600. మన షార్లెట్‌లోనే. మైలున్నర ట్రాకు మీద 400 ల్యాపులు, మొత్తం ఆరు వందల మైళ్ళు. అమెరికాలో స్టాక్ కార్ల రేసులు నడిపే సంస్థ నాస్కార్. అందులో ఇంతకన్నా పొడుగు రేసు లేదు. నా ఎడమపక్క డాలస్ నించి వచ్చిన మా మేనల్లుడు. కుడిపక్క మా ఆఫీసులో పనిచేసే ఒక పెద్దాయన, పుట్టి పెరిగింది పక్కనే కన్నాపోలిస్‌లో. పేరుమోసిన డ్రైవరు డేల్ ఎర్న్‌హార్ట్ ఊరు అది. ఆ ఊరివాళ్ళకి ఈ ఆట పాలతోపాటు పడుతుంది.

ఆ రాత్రి 400 ల్యాపుల్లో 392 ల్యాపులు ఒకడే ముందున్నాడు. మార్టిన్ ట్రూయెక్స్ జూనియర్. మైళ్ళలో చెప్పాలంటే 588. ఒక రేసులో అంత దూరం ముందుండి నడిపినవాడు అంతకుముందు ఎవడూ లేడు. మా మేనల్లుడు సగం దాటేసరికి ఫోన్లో పడ్డాడు. నేను డబ్బాలో తెచ్చిన పులిహోర రెండుసార్లు తిన్నాడు. "మామయ్యా, ఎవడూ ఎవణ్ణీ దాటట్లేదు, ఇంక వెళ్దామా?" అని మూడుసార్లు అడిగాడు.

కుడిపక్క పెద్దాయన మాత్రం ఏమీ తినలేదు. ట్రూయెక్స్ కారు పిట్‌లోకి, అంటే టైర్లు మార్చి పెట్రోలు పోసే చోటికి, వచ్చినప్పుడల్లా లేచి నిలబడేవాడు. అది బయటికి వెళ్ళేదాకా కూర్చునేవాడు కాదు. నేను అదేపనిగా ఆయన్నే చూస్తున్నానని గమనించి, తన చెవులకున్న హెడ్‌ఫోన్ తీసి నాకిచ్చాడు. స్కానర్ అంటారు దాన్ని. డ్రైవరూ అతని మనుషులూ రేడియోలో మాట్లాడుకునేది మనకి వినపడుతుంది.

అది పెట్టుకున్నాక నేను అంతవరకూ చూస్తున్న రేసు వేరే రేసైపోయింది. స్టాండు పైకప్పు మీద నిలబడ్డ స్పాటర్ గొంతు ఆగకుండా వినిపిస్తోంది, పక్కన ఎవరున్నారో, వెనక ఎంత దూరంలో ఉన్నారో చెబుతూ. మధ్యలో కారు ఎలా ఉందన్న మాట. ముక్కు తిరగకుండా గోడ వైపు పోతుంటే టైట్. తోక జారుతుంటే లూజ్. ఆ రేసు ఎండ ఉండగా మొదలై, లైట్ల కింద ముగుస్తుంది. పొద్దుగూకే కొద్దీ తారు చల్లబడుతుంది, టైర్లు పట్టే తీరు మారుతుంది. సాయంత్రం ఆరింటికి ఎదురులేని కారు తొమ్మిదింటికి మొండికేయచ్చు. అలా కాకుండా ఉండాలంటే పిట్‌కి వచ్చిన ప్రతిసారీ టైర్లలో గాలి కాస్త మార్చాలి, వెనక అద్దంలోని రంధ్రంలోంచి రెంచి దూర్చి కొంచెం తిప్పాలి. ఆ 392 ల్యాపులు ఊరికే రాలేదు. రాత్రంతా చల్లబడుతున్న నేలతో ఆ మనుషులు గీసి గీసి బేరమాడారు.

పెద్దాయన ఎందుకంత టెన్షన్ పడ్డాడో తరవాత చెప్పాడు. ఆ వసంతంలోనే టెక్సస్‌లో, కాన్సస్‌లో ట్రూయెక్స్ అందరికన్నా ఎక్కువ ల్యాపులు ముందున్నాడు. రెండుసార్లూ గెలుపు చేజారింది. దాదాపు టీమ్‌లన్నీ షార్లెట్ చుట్టుపక్కల ఉంటే అప్పట్లో అతని టీమ్ ఎక్కడో డెన్వర్‌లో ఉండేది. ఒక్కటే కారు, 78 నంబరు. అతని సహచరి షెర్రీ పోలెక్స్‌కి 2014లో అండాశయ క్యాన్సర్ బయటపడింది. ఇవన్నీ తెలిసినవాడు ప్రతి ల్యాపులోనూ, ఈసారి ఏం విరుగుతుందో అని గుండె చిక్కబట్టుకుని చూశాడు. గీత దాటాక, వెనక కెవిన్ హార్విక్ వస్తుండగా, ఆయన కూలబడి మొహం తుడుచుకున్నాడు.

ఇంటికొస్తూ వాళ్ళిద్దరూ వాదించుకున్నారు, అచ్చం మీ కార్లో లాగే. మా వాడు ఎన్నిసార్లు దాటారో లెక్క పెట్టాడు. లెక్క సరైనదే. పెద్దాయన గెలుపు ఎన్నిసార్లు చేజారే ప్రమాదం ఉందో లెక్క పెట్టాడు. అదీ సరైనదే.

కాబట్టి ఎవరైనా చప్పగా ఉందంటే, నువ్వు దేనికోసం ఎదురుచూశావని అడుగు. అదిరిపోయిందంటే, ఏ నిమిషంలో అని అడుగు. వ్యాసం అక్కణ్ణించి మొదలవుతుంది.

ఈ పాఠం నాకు అమెరికాలో తెలిసింది కాదు. మాది ప్రకాశం జిల్లా. నాకు పదేళ్ళప్పుడు మా నాన్న తిరనాళ్ళలో బండలాగుడు పోటీకి తీసుకెళ్ళాడు. పాల పళ్ళ జత, రెండు పళ్ళ జత, నాలుగు పళ్ళ జత, ఇలా ఎద్దుల వయసును బట్టి విడివిడిగా పోటీలు. ఇచ్చిన నిమిషాల్లో రాయిని ఎంత దూరం లాగితే అంత. రాయి ఇటు నించి అటు, అటు నించి ఇటు. అరగంటలో నాకు విసుగొచ్చి పీచుమిఠాయి కావాలని ఏడ్చాను. నాన్న నన్ను పట్టుకెళ్ళి, ఎద్దులు మళ్ళే చోట తాడు దగ్గర కూర్చోబెట్టి, "గిట్టలు చూడు" అన్నాడు. చూశాను. మలుపులో లోపలి ఎద్దు దాదాపు ఉన్న చోటే తిరగాలి, బయటి ఎద్దు పెద్ద చుట్టు తిరగాలి. లోపలిది తొందరపడితే కాడి వంకరపోతుంది. ఒక గిట్ట మట్టిలో దిగబడి, జారి, మళ్ళీ పట్టు దొరికించుకోవడం నా కళ్ళకి జానెడు దూరంలో జరిగింది. పీచుమిఠాయి మళ్ళీ గుర్తు రాలేదు.

నీ ఆరు పేజీల్లో గిట్ట ఒక్కటీ లేదు. కార్ల రంగులున్నాయి, మోత ఉంది, జనం ఉన్నారు. ఇరవయ్యో స్థానంలో ఉన్న కారు ఆ నాలుగు గంటలూ ఏం చేసిందో లేదు.

అయితే బోరు కొట్టినా బాగుందని రాయమంటున్నానని అనుకోవద్దు. చప్పటి రేసులు ఉంటాయి, చాలానే ఉంటాయి. ముందు కారు చీల్చుకుపోయిన గాలిలోకి వెళ్ళిన వెనక కారుకి నేలకి అణిచే ఒత్తిడి తగ్గుతుంది, ముక్కు తిరగదు. డర్టీ ఎయిర్ అంటారు దీన్ని. వేగం ఉన్నా దాటలేడు. అది డ్రైవర్ల చేతకానితనం కాదు. చప్పగా ఉందని నిర్భయంగా రాయి. ఎందుకుందో కూడా రాయి. ఆ ఎందుకు అన్నది లేకపోతే అది వ్యాసం కాదు, విసుగు.

ఇంకోటి. అంకెల్ని చూసి మోసపోకు. 2011 ఏప్రిల్‌లో అలబామాలోని టాలడేగా ట్రాకు మీద లీడు 88 సార్లు మారింది. అక్కడే 2010లోనూ అంతే. 2011లో జిమ్మీ జాన్సన్ క్లింట్ బోయర్ మీద సెకనులో వెయ్యింట రెండు వంతుల తేడాతో గెలిచాడు. కాగితం మీద అంతకన్నా గొప్ప రేసు ఉండదు. కానీ ఆ రోజుల్లో కార్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ జంటలు జంటలుగా పోయేవి. ఇది రేసు కాదని మొహం తిప్పుకున్న అభిమానులు బోలెడుమంది. ఇప్పుడు డేటోనాలోనూ టాలడేగాలోనూ ఇంకో వింత. మూడేసి వరసల్లో నలభై దాకా కార్లు ఒరుసుకుంటూ పోతుంటే టీవీలో కళ్ళు చెదురుతాయి. నిజానికి వాళ్ళలో చాలామంది ఆక్సిలరేటర్ సగమే తొక్కుతుంటారు, పెట్రోలు మిగుల్చుకోవడానికి. పెట్రోలు తక్కువ పోయించుకుంటే పిట్‌లోంచి ముందు బయటపడచ్చు. తెలియనివాడికి అది ఉత్కంఠ, తెలిసినవాడికి ఒళ్ళు మంట. ఆ ఇద్దరి మధ్య నిలబడి రాయడం నేర్చుకుంటే నీకు తిరుగుండదు.

అన్నిటికన్నా నేను తిరిగి తిరిగి తలుచుకునే రేసు 2022 అక్టోబరు 30, మార్టిన్స్‌విల్. అర మైలుకి కాస్త పైన ఉండే బుల్లి ట్రాకు, 500 ల్యాపులు. ఆ ఏడాది వచ్చిన కొత్త కారుతో అలాంటి చిన్న ట్రాకుల మీద ఒకరినొకరు దాటడం గగనమైపోయింది. అందరిదీ ఇంచుమించు ఒకే వేగం. మలుపులో తప్పు చేసినా గేరు మార్చుకుని తేరుకోవచ్చు. జనం ఆవలిస్తూ చూశారు. చివరి ల్యాపుకొచ్చేసరికి రాస్ చాస్టేన్ పదో స్థానంలో ఉన్నాడు. టైటిల్ కోసం పోటీపడే నలుగురిలో ఒకడిగా సీజన్ ఫైనల్‌కి వెళ్ళాలంటే ఇంకా రెండు స్థానాలు పైకి రావాలి. మామూలు దారిలో అవి దొరకవు. గేరు వేసి, ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, కారుని బయటి గోడకి ఆనించి వదిలేశాడు. గోడే కారుని తిప్పింది. అయిదుగుర్ని దాటేశాడు. ఆ ల్యాపు 18.845 సెకన్లు. చిన్నప్పుడు ఆడిన వీడియో గేమ్‌లోది గుర్తొచ్చిందని తరవాత చెప్పాడు. ప్రపంచమంతా ఆ వీడియో చూసింది. మరుసటి ఏడాది నించీ అలా చేస్తే శిక్ష వేస్తామన్నారు నాస్కార్ వాళ్ళు.

దీని గురించి రాసినవాళ్ళు నూటికి తొంభైమంది ఆ గోడ దగ్గరే మొదలుపెట్టారు. నేనైతే ఆవలింతల దగ్గర మొదలుపెడతాను. ఆ 499 ల్యాపుల్లో మామూలుగా దాటే వీలుంటే అతను గోడ వైపు చూసేవాడే కాదు. ఆ చప్పదనం కడుపునే ఆ చివరి ల్యాపు పుట్టింది. ఒకదాన్ని చెత్తబుట్టలో వేసి ఇంకోదాన్ని నెత్తిన పెట్టుకుంటే సగం కథ పోయినట్టే.

ఇక మాటల సంగతి. "నరాలు తెగే ఉత్కంఠ" రెండుచోట్ల ఉంది నీ వ్యాసంలో, "ఊపిరి బిగబట్టి" నాలుగుచోట్ల. కొట్టేశాను. మన పేపర్లలో క్రీడల పేజీ చదివి చదివి అవి చేతికి వాటంతటవే వస్తాయి. నరాలు నిజంగా ఎవరివి ఎక్కడ తెగాయో చెప్పు. 2024 మేలో కాన్సస్‌లో కైల్ లార్సన్ క్రిస్ బ్యూషర్ మీద సెకనులో వెయ్యో వంతు తేడాతో గెలిచాడు. వెయ్యో వంతు అంటే చదివేవాడికి ఏమీ కనపడదు. ఆ వేగంలో అది దాదాపు మూడు అంగుళాలు. వందల మైళ్ళు పరిగెత్తి మూడు అంగుళాలు! అలా చెప్తే ఉత్కంఠ అన్న మాట నువ్వు వాడక్కర్లేదు, పాఠకుడే తెచ్చుకుంటాడు. అలాగే పిట్ స్టాప్‌కీ, ముందు కారు చాటున గాలి తప్పించుకుంటూ పోయే డ్రాఫ్టింగ్‌కీ సంస్కృతం వెతకొద్దు. ఆ మాటే వాడి, మొదటిసారి వచ్చినప్పుడు అదేమిటో ఒక్క వాక్యంలో చెప్పు. గుంటూరులో ఉన్న మీ అమ్మమ్మకి అర్థమైతే చాలు.

వ్యాసం తిరిగి పంపిస్తున్నాను. పార్కింగ్ వాదన ముందుకి తీసుకురా. తీర్పు వాక్యం తీసెయ్. ఆ అబ్బాయికి ఫోన్ చేసి, అతను దేనికోసం ఎదురుచూశాడో కనుక్కో. ఆ అమ్మాయిని ఏ నిమిషం గుర్తుండిపోయిందో అడుగు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకో, మెరుగులు పెట్టకు.

మార్టిన్స్‌విల్ ఇక్కడికి రెండు గంటల పైచిలుకు ప్రయాణం. ఈసారి అక్కడ రేసు ఉన్నప్పుడు నాతో రా. మీ స్నేహితులిద్దర్నీ కూడా తీసుకురా, తప్పకుండా ఇద్దర్నీ. స్కానర్లు రెండు అద్దెకి తీసుకుందాం. పులిహోర నేను తెస్తాను. వెనకపడ్డ కారొకటి ఎంచుకుని, నువ్వు మాత్రం మొదటి ల్యాపు నించి దాన్ని వదలకుండా చూడు.

ఆశీస్సులతో,
నీ మాస్టారు