పొట్టేలు పిల్లలకు ఆర్జినిన్ పొడి అవసరమా?

ప్రశ్న: పాలు మాన్పించిన పొట్టేలు పిల్లలను పగలు మేపుకొచ్చి, సాయంత్రం తౌడు, మక్కలు, పల్లి చెక్క కలిపిన దాణా పెడుతున్నాము. ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం పొడి కలిపితే పెరుగుదల హార్మోన్ ఎక్కువగా విడుదలై పిల్లలు త్వరగా బరువెక్కుతాయని ఒక దుకాణంలో చెప్పారు. కొనమంటారా?
– ఒక గొర్రెల పెంపకందారు, దేవరకద్ర, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: కొనవద్దు. ఆర్జినిన్‌కు, పెరుగుదల హార్మోన్‌కు సంబంధం ఉన్న మాట వాస్తవమే. గొర్రెల రక్తనాళంలోకి నేరుగా ఆర్జినిన్ ఎక్కించినప్పుడు మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి పెరుగుదల హార్మోన్, క్లోమం నుంచి ఇన్సులిన్ ఎక్కువగా విడుదలవుతాయని పరిశోధనల్లో తేలింది. అయితే ఆ ప్రభావం కొద్దిసేపే ఉంటుంది. పైగా నెమరు వేసే జీవానికి నోటి ద్వారా మామూలు పొడి పెడితే, పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు దానిలో చాలా భాగాన్ని విడగొట్టి అమ్మోనియాగా మార్చివేస్తాయి కనుక, పేగుల వరకు చేరేది స్వల్పమే. కోళ్ల సంగతి వేరు. వాటి శరీరం ఆర్జినిన్‌ను తయారు చేసుకోలేదు కాబట్టి మేతలో అందించక తప్పదు.

పెరుగుదల హార్మోన్ ఎక్కువైనంత మాత్రాన బరువు పెరుగుతుందనుకోవడం కూడా పొరపాటే. ఆ హార్మోన్ ఆదేశాన్ని అందుకొని కాలేయం ఐజీఎఫ్-1 అనే మరో హార్మోన్‌ను తయారు చేస్తేనే కండ, ఎముక ఎదుగుతాయి. అందుకు మాంసకృత్తులు, శక్తి రెండూ చాలినంత అందాలి. ఎండాకాలంలో మేత చాలక బక్కచిక్కిన గొర్రె రక్తంలో పెరుగుదల హార్మోన్ మంచి మేత తిన్నదానికంటే ఎక్కువగానే ఉంటుంది, తక్కువయ్యేది ఐజీఎఫ్-1. ఈ సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు.

మీరు పెడుతున్న పల్లి చెక్కలో ఆర్జినిన్ ఇప్పటికే పుష్కలంగా ఉంది. దానిలో కొరవడేవి లైసిన్, మెథియోనిన్ అనే వేరే అమైనో ఆమ్లాలు. వాటిని చాలావరకు పొట్టలోని సూక్ష్మజీవులే తమ దేహాల రూపంలో సమకూరుస్తాయి, అవి వృద్ధి చెందాలంటే చెక్కతో పాటు మక్కల వంటి పిండి పదార్థం ఉండాలి. పెద్ద పొట్టలో మక్కలు పులిసినప్పుడు పుట్టే ప్రొపియోనిక్ ఆమ్లం ఇన్సులిన్ విడుదలకు కూడా తోడ్పడుతుంది. కానీ మక్కలను ఒక్కసారిగా పెంచితే పొట్టలో ఆమ్లం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది కనుక, కొన్ని రోజుల పాటు కొద్దికొద్దిగా పెంచండి. తుమ్మకాయలు మితంగా పెట్టవచ్చు. వాటిలోని టానిన్లు అనే వగరు పదార్థాలు మాంసకృత్తులు పెద్ద పొట్టలో విరిగిపోకుండా కొంత కాపాడతాయి, మితిమీరితే మాత్రం అరుగుదలనే దెబ్బతీస్తాయి. బూజు పట్టిన చెక్క ఎంత చౌకగా వచ్చినా పెట్టవద్దు. పొడికి పెట్టదలచిన డబ్బుతో ముందు పశువైద్యుని సలహా మేరకు నట్టల మందు తాగించండి.